నీళ్లు సమానమయ్యేదాకా

(పూర్వ విద్యార్థుల సంఘం స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

సంఘం కార్యదర్శి గారు నాకు ఫోన్ చేసి, "మీరు ఇంగ్లండులో ఇంజనీరుగా సాధించిన విజయాల గురించి ఓ పావుగంట మాట్లాడాలండీ" అన్నారు. నేను ఆలోచించి చూస్తే, విజయాల మాట పావుగంట కాదు, మూడు నిమిషాల్లో అయిపోయేట్టుంది. మిగతా పన్నెండు నిమిషాలకు ఏం చెప్పాలా అని చూస్తుంటే ఒకటి గుర్తొచ్చింది. ఈ ఊళ్లో నా గురించి ఒక వార్త తిరుగుతోంది. "లస్కరు గారి పెద్దబ్బాయి లండన్‌లో అంతా పోగొట్టుకుని పడవలో కాపరం పెట్టాడంట" అని. నిన్న బస్సు దిగగానే టీ కొట్టు దగ్గర ఒకాయన జాలిగా నా భుజం మీద చెయ్యి వేశారు కూడా. అందుకని ఆ పడవ గురించే చెబుతాను. అందులో మా కుటుంబం అంతా కలిసి గడిపిన ఒక క్రిస్మస్ సెలవుల గురించి చెబుతాను. నా ఉద్యోగంలో నేను నేర్చుకున్నదాని కంటే ఆ పది రోజుల్లో నేర్చుకున్నది ఎక్కువ.

ముందుగా ఒక విషయం. నేనేమీ పోగొట్టుకోలేదండీ. పడవలో ఉంటున్నది నిజం. ఇంగ్లండులో వేలమంది అలా ఉంటారు. అక్కడ రెండు వేల మైళ్ల పైచిలుకు కాలువలూ నదులూ ఒకే సంస్థ చూసుకుంటుంది. రైళ్లు రాకముందు బొగ్గు, ఇటుక, కుండలు, ధాన్యం అన్నీ ఆ కాలువల మీదే నడిచాయి. మేముండేది ఆక్స్‌ఫర్డ్ కాలువ మీద, రగ్బీ ఊరికి దాపున. ఆ కాలువ ఆక్స్‌ఫర్డ్ దాకా పూర్తయింది 1790లో. లాకులు ఏడడుగుల వెడల్పున కట్టారు కాబట్టి, పడవలు వాటిలో పట్టేట్టు ఆరడుగుల పది అంగుళాల వెడల్పున చేస్తారు. నారోబోట్ అంటారు. మాది 57 అడుగుల పొడవు. అంటే మన స్కూల్లో రెండు తరగతి గదుల పొడవూ, ఒక గుమ్మం కంటే కాస్త ఎక్కువ వెడల్పూ ఉన్న ఇల్లన్నమాట. మధ్యలో ఒకరు నిలబడితే ఇంకొకరు దాటలేరు. ఒకరు ఊపిరి బిగబట్టాలి.

మాకు స్థిరంగా కట్టుకునే చోటు లేదు. అలాంటి పడవలకు 1995లో చేసిన చట్టం ప్రకారం ఒక నియమం ఉంది. ఒకే చోట పద్నాలుగు రోజులకు మించి ఉండకూడదు. రెండు వారాలకోసారి ఇల్లు విప్పుకుని ఇంకో చోటికి పోవాలి. వేగం గంటకు నాలుగు మైళ్లు దాటకూడదు. గట్టు మీద నడిచే ముసలాయన మనల్ని దాటుకుని పోతూ "గుడ్ మార్నింగ్" చెప్పి వెళ్తాడు.

పడవలో అన్నిటికీ లెక్క ఉంటుంది. నీళ్ల ట్యాంకు 500 లీటర్లు. వంట గ్యాసు రెండు సిలిండర్లు. కరెంటు బ్యాటరీల్లో ఉన్నంత. చలికి ఒక చిన్న ఇనప పొయ్యి, దానికి బొగ్గు బస్తాలు. మరుగుదొడ్డి డబ్బా నిండితే మనమే మోసుకెళ్లి, దానికని కట్టిన చోట పారబోసి, కడిగి తెచ్చుకోవాలి. ఎంత పెద్ద ఇంజనీరైనా ఆ డబ్బా పట్టుకుని గట్టు మీద నడిచేటప్పుడు అందరితో సమానమే.

ఇక ఈ సభలో చాలామందికి తెలియని సంగతి. మా నాన్నగారు ఇరిగేషన్ శాఖలో లస్కరు. మన ఊరి లాకుల దగ్గర పని. కాటన్ దొర ధవళేశ్వరం దగ్గర ఆనకట్ట 1852లో పూర్తిచేశాక తవ్వించిన కాలువలు సాగు కోసమే కాదు, పడవల కోసం కూడా. అందుకే ధవళేశ్వరం, బొబ్బర్లంక, విజ్జేశ్వరం మొదలుకుని కాలువ పొడుగునా లాకులున్నాయి. "లాకులు" అంటే మనకు తాళాలు కాదు. ఊరి చివర కాలువ, రావిచెట్టు, సాయంత్రం కబుర్లు. ఇంగ్లండు వెళ్లిన కొత్తల్లో ఒక బోర్డు మీద "లాక్" అని చూసి, అక్కడున్నది చూసేసరికి నాకు కాళ్లాడలేదు. నేను పుట్టిన క్వార్టరు ఎదురుగా ఉన్నదే అది. కొలతలు మారాయి, అంతే.

నా చిన్నప్పటికే మన కాలువ మీద పడవలు తగ్గిపోయాయి. అప్పుడప్పుడూ గడ్డి వేసుకునో, కొబ్బరికాయలు వేసుకునో ఒకటి వచ్చేది. పడవ మీదే వంట, పడవ మీదే పసిపిల్లలు. నేను స్కూలు ఎగ్గొట్టిన రోజున నాన్న ఆ పిల్లల్ని చూపించి, "వాళ్లకి బడికెళ్లాలని ఉన్నా కుదరదు. నీకు కుదిరీ వెళ్లవు" అనేవారు. తర్వాత ఇంగ్లండు కాలువల చరిత్ర చదివితే అక్కడా అదే కథ. పదడుగుల గదిలో భార్యాభర్తలు, పిల్లలు కాపురం చేశారు. రోజూ పడవ కదులుతూ ఉండటంతో ఆ పిల్లలకు చదువు అబ్బలేదు. అందుకే ఈ స్కూలు గేటు దాటినప్పుడల్లా నాకు కొంచెం గొంతు పట్టుకుంటుంది.

తొమ్మిదో తరగతిలో మా సైన్సు మాస్టారు నీటి పీడనం పాఠం బోర్డు మీద చెప్పలేదు. క్లాసంతటినీ వరసగా నడిపించి లాకుల దగ్గరికి తీసుకొచ్చారు. "ఇక్కడ మీ అందరికంటే పెద్ద సైన్సు మాస్టారు ఉన్నారు" అని నాన్నని పిలిచారు. నాన్న సిగ్గుపడిపోయి, తువ్వాలుతో మొహం తుడుచుకుని, చెప్పింది ఒక్కటే మాట. "తలుపుతో కుస్తీ పట్టకూడదండీ. ఇటూ అటూ నీళ్లు సమానమయ్యేదాకా ఆగాలి. అప్పుడు తలుపు తనే వస్తుంది." మాస్టారు ఈవేళ మన మధ్య లేరు. ఆ పాఠానికి నాకు నూటికి తొంభై రెండు వచ్చాయి. అర్థమైంది మాత్రం నలభై ఏళ్ల తర్వాత.

నాన్న రిటైరైన డబ్బుతో కాలువ గట్టుకు దగ్గర్లో మూడు గదుల పెంకుటిల్లు కట్టారు. మీలో చాలామంది ఆ అరుగు మీద కూర్చుని మా అమ్మ చేతి మజ్జిగ తాగినవాళ్లే. 2019 జనవరిలో నాన్న పోయారు. అమ్మ రాజమండ్రిలో అక్క దగ్గరికి వెళ్లింది. ఇల్లు తాళం వేసి ఉంది. ఆ ఏడాది సెప్టెంబరులో అమెరికా నుంచి తమ్ముడు ఫోన్ చేశాడు. "అన్నయ్యా, ఇల్లు అమ్మేద్దాం, వీలైనంత త్వరగా" అన్నాడు.

నాకు ఒళ్లు మండింది. ఫోన్లో ఏమీ అనలేదు. ఆ రాత్రి కుటుంబం అంతా ఉన్న వాట్సాప్ గ్రూపులో రాశాను. "నాన్న ఏడాది తిరక్కుండానే వాటాలు కావాల్సొచ్చాయా నీకు?" అని. అక్క చూసింది, బావ చూశారు, మా మరదలు చూసింది. తమ్ముడు జవాబు రాయలేదు. గ్రూపులోంచి వెళ్లిపోయాడు. నేను పంతానికి "సరే, అమ్మేయండి" అన్నాను. నవంబరులో రిజిస్ట్రేషన్ అయింది. ఆ తర్వాత మూడేళ్లపాటు మేమిద్దరం ఒక్క మాట మాట్లాడుకోలేదు. పుట్టినరోజులకు పిల్లల చేత ఫోన్ చేయించేవాళ్లం. వెనక నుంచి ఒకరి గొంతు ఒకరికి వినిపించేది.

అమ్మ అన్నీ గమనిస్తూనే ఉంది. 2022లో ఒక రోజు అంది: "నాకు డెబ్భై ఎనిమిది. మీరు ముగ్గురూ ఒక కప్పు కింద పడుకోగా ఒక్కసారి చూడాలిరా. ఇల్లు అమ్మేశారు కాబట్టి ఏ కప్పో మీరే చూసుకోండి." అక్కే మధ్యవర్తిత్వం చేసింది. తమ్ముడి పిల్లలకు క్రిస్మస్ సెలవులు, మా అమ్మాయికి యూనివర్సిటీ సెలవులు. అందరూ మా దగ్గరికే అని తేల్చింది. నేను ఊళ్లో ఒక ఇల్లు అద్దెకు తీసుకుంటానన్నాను. అమ్మ ఒప్పుకోలేదు. "నువ్వుండే చోటే నేను చూడాలి" అంది.

ఆ డిసెంబరు ఇంగ్లండులో చలి మీకు చెప్పినా నమ్మరు. మొదటి వారం చివర నుంచి పది రోజులు రాత్రిళ్లు సున్నాకి కిందే. కాలువ మీద మంచు పలక కట్టేసింది. బాతులు నీళ్ల మీద నడుస్తున్నాయి. మంచును బద్దలు కొట్టుకుంటూ పోతే పడవ అడుగున పూసిన నల్లరంగు గీసుకుపోతుంది, పక్కవాళ్ల పడవలకీ దెబ్బ. అందుకని ఎవరూ కదలరు. మేమూ కదల్లేదు. మంచు కరిగేసరికి ట్యాంకులో నీళ్లు సగానికి పడిపోయాయి. నీళ్ల కొళాయి మాకు మూడు లాకుల కింద ఉంది. 20వ తేదీన అమ్మ, అక్క దిగారు. అక్కడ ఆ రోజుల్లో సాయంత్రం నాలుగింటికే చీకటి. ఆఫీసులో సెలవుల ముందు పని. "రేపు వెళ్దాంలే, రేపు వెళ్దాంలే" అనుకుంటూ గడిపేశాను. ఇది నా మొదటి తప్పు.

24వ తేదీన తమ్ముడు, మరదలు, ఇద్దరు పిల్లలు వచ్చారు. వాడు జాగ్రత్తగా ఊళ్లో హోటల్లో గది తీసుకుని వచ్చాడు. గట్టు మీద నిలబడి పడవని ఈ చివర నుంచి ఆ చివర దాకా చూశాడు. నేను "రా" అన్నాను. వాడు "ఆఁ" అన్నాడు. మూడేళ్ల తర్వాత మా సంభాషణ అది.

తొమ్మిది మందితో పడవ ఎలా ఉంటుందో చెబుతాను. పడవ సమతూకం కోసం నేల పలకల కింద సిమెంటు దిమ్మెలు పేరుస్తారు. ఇద్దరి కాపరానికి ఆ లెక్క సరిపోతుంది. తొమ్మిదిమందీ హంస వచ్చిందని ఒకే పక్క కిటికీలకు చేరితే పడవ ఒరుగుతుంది, పొయ్యి మీద పప్పు ఓ పక్కకి పోతుంది. అక్క వంటింట్లోంచి "ముగ్గురు ఇటు రండి, ముగ్గురు ఇటు రండి" అని కేకలు. మరదలు జుట్టు ఆరబెట్టుకునే మిషన్ పెట్టగానే కరెంటు పోయింది. పిల్లలకు మాత్రం స్వర్గం. పెద్దవాడికి పన్నెండేళ్లు, చిన్నదానికి ఎనిమిది. "పెదనాన్నా, మీ ఇల్లు నిజంగా కదులుతుందా?" అని నిమిషానికోసారి అడిగేది. మొదటి రాత్రే హోటల్‌కి రామని మొండికేశారు. వాళ్లు పడవలో మా అమ్మాయి పక్కన చేరారు. తమ్ముడు, మరదలు మాత్రం హోటల్‌కి వెళ్లారు. అమ్మ ఏమీ అనలేదు. వాడి కారు వెళ్లేదాకా కిటికీ దగ్గరే కూర్చుంది.

క్రిస్మస్ రోజున అమ్మ గారెలు వేసింది. మినప్పప్పు లెస్టర్ నుంచి తెచ్చాం. ఆ వాసన కాలువంతా పాకింది. పక్క పడవలో ఒంటరిగా ఉండే పెద్దాయన ఒక పళ్లెంలో వాళ్ల పండగ పిండివంట పట్టుకొచ్చి, గారెలు పట్టుకెళ్లాడు. అందరం నవ్వాం, ఫోటోలు దిగాం. ఫోటోలో నేనొక చివర, తమ్ముడొక చివర. కానీ పడవలో మనిషిని తప్పించుకోవడం కుదరదండీ. ఆరడుగుల పది అంగుళాల్లో గోడలూ బల్లలూ పోగా దారి రెండడుగులు. వాడు ఎదురొస్తే నేను పొట్ట లోపలికి లాక్కోవాలి, వాడు గోడకు అంటుకోవాలి. మొహాలు జానెడు దూరంలో. మాటలు మాత్రం పిల్లల ద్వారానే. "నాన్నని టీ తాగుతాడేమో అడుగమ్మా." "పెదనాన్నని పంచదార వద్దని చెప్పు."

ఆ సాయంత్రం గిన్నెలు కడుగుతుంటే పంపు దగ్గింది. కొళాయిలోంచి గాలి వచ్చింది. నీళ్లు అయిపోయాయి.

మర్నాడు తెల్లారగానే తాళ్లు విప్పాం. లాకులు దిగాలంటే ఒకరు చుక్కాని దగ్గర, కనీసం ఒకరు గట్టు మీద ఉండాలి. గట్టు మీది పని బరువు పని. ఇనప హ్యాండిల్‌తో పళ్లచక్రం తిప్పి షట్టర్లు లేపాలి, దించాలి, తలుపులు తోయాలి. హోటల్ నుంచి వచ్చిన తమ్ముడు ఏమీ అడక్కుండా గూటికి తగిలించి ఉన్న హ్యాండిల్ తీసుకుని నడుముకి దోపుకున్నాడు. లస్కరు కొడుకు కదా. వాడికి ఎవరూ నేర్పక్కర్లేదు.

మొదటి లాకు బాగానే దిగాం. పిల్లలు తలుపు దూలం మీద పడి తోస్తున్నారు, కదలడం లేదు. ఇక్కడ ఒక లెక్క చెబుతాను, మాస్టార్లు మన్నించాలి. పై తలుపు ఏడడుగుల వెడల్పు. అక్కడ నీటి లోతు ఐదడుగులనుకుందాం. రెండు పక్కలా నీటి మట్టంలో ఒక్క అడుగు తేడా ఉంటే ఆ తలుపు మీద దాదాపు 900 కిలోల ఒత్తిడి ఉంటుంది. ఒక్క అంగుళం తేడా ఉన్నా 80 కిలోలు. అంటే ఒక మనిషి తలుపుకి అవతల నిలబడి ఎదురు తోస్తున్నట్టే. తేడా పోయిందంటే ఎనిమిదేళ్ల పిల్ల తోసినా ఆ తలుపు కదులుతుంది. తమ్ముడు పిల్లలతో అంటున్నాడు: "ఆగండి. తాతయ్య ఏమనేవారో తెలుసా? తలుపుతో కుస్తీ వద్దు అనేవారు." చుక్కాని దగ్గర నిలబడ్డ నాకు వినపడింది.

రెండో లాకులో జరిగింది అసలు సంగతి. లాకు దిగేటప్పుడు ఒక ప్రమాదం ఉంది. పై తలుపు కింద రాతి గడప లాంటిది ఒకటి లాకులోకి పొడుచుకుని ఉంటుంది. నీళ్లు నిండుగా ఉన్నప్పుడు కనపడదు. అది ఎంతవరకూ ఉందో లాకు గోడ మీద తెల్లగీత వేసి ఉంటుంది. పడవ వెనక భాగం ఆ గీతకు ముందే ఉండాలి. లేకపోతే నీళ్లు దిగేటప్పుడు పడవ వెనక భాగం ఆ గడప మీద ఇరుక్కుంటుంది, ముందు భాగం కిందికి పోతూనే ఉంటుంది. అలా పడవలు మునిగిన సందర్భాలున్నాయి. ఎవరు పడవెక్కినా నేను చెప్పే మొదటి జాగ్రత్త అదే.

ఆ రోజు నేను పడవని గేరులో ఉంచకుండా వదిలేసి, వంగి లోపలున్న అమ్మతో ఏదో మాట్లాడుతున్నాను. నీటి కదలికకు పడవ మెల్లగా వెనక్కి జారింది. కింద ఏదో కరకరమంది. తలెత్తేసరికి తెల్లగీత నాకు ముందుంది. ముందు భాగం దిగిపోతోంది. లోపల గిన్నెలు జారి పడ్డాయి. అమ్మ, అక్క, చిన్నది లోపలే ఉన్నారు.

"చిన్నోడా! మూసెయ్యరా!"

మూడేళ్లుగా ఆ పిలుపు నా నోట రాలేదు. వాడు తిరిగి చూడలేదు, ఎందుకని అడగలేదు. ఒక షట్టరు కొక్కెం ఎత్తి దించేశాడు. లాకు చుట్టూ పరిగెత్తి రెండోది దించాడు. అక్కణ్ణుంచి ఒక్క ఉరుకున పై తలుపు దగ్గరికి వచ్చి, అక్కడి షట్టరు కొంచెం కొంచెంగా లేపాడు. నీళ్లు లోపలికి వచ్చాయి. పడవ ముందు భాగం మెల్లగా లేచింది. వెనక ఒక కుదుపు, గడప మీంచి జారి నీళ్లలోకి వచ్చింది. ఇదంతా రెండు నిమిషాలు కూడా పట్టి ఉండదు. నా కాళ్లు వణుకు తగ్గడానికి పావుగంట పట్టింది.

వాడు పైనుంచి వంగి చూశాడు. "గేరులో పెట్టలేదా?" అన్నాడు.

"లేదురా. తప్పు నాదే" అన్నాను.

అంత తేలిగ్గా ఆ మాట వస్తుందని నేను అనుకోలేదు. అమ్మ తలుపులోంచి తల బయటికి పెట్టి, ఒకసారి వాణ్ణి, ఒకసారి నన్ను చూసి, "మీ నాన్న ఉండుంటే ఇద్దరికీ చెరొకటి అంటించేవాడు" అని లోపలికి వెళ్లిపోయింది.

మూడో లాకు కూడా దిగి, కొళాయికి గొట్టం తగిలించాం. ఆ చలిలో ట్యాంకు నిండటానికి గంట పైన పట్టింది. ఇద్దరం గట్టు మీద నిలబడ్డాం. వాడే మొదలుపెట్టాడు. "ఆ ఏడాది ఆగస్టు ఆఖర్లో నా ఉద్యోగం పోయింది" అన్నాడు. నాకు అర్థం కాలేదు. 2019 సంగతి చెబుతున్నాడు. వాడి వీసాకి ఉద్యోగం పోతే గడువు అరవై రోజులు. ఆ లోపల ఇంకో ఉద్యోగం దొరకాలి, లేదా సామాన్లు సర్దుకోవాలి. ఇంటి మీద అప్పు. పిల్లలిద్దరూ అక్కడ పుట్టి పెరిగినవాళ్లు. అమ్మకు తెలిస్తే, నాన్న పోయిన దుఃఖం మీద ఇదొకటి అని ఎవరికీ చెప్పలేదు. గడువు ఇంకా వారం ఉందనగా తక్కువ జీతానికి ఉద్యోగం దొరికిందట. ఈలోగా నా మెసేజ్ చూశాడు.

"ఒక్క మాట చెప్పుంటే నేను పంపేవాణ్ణి కదరా" అన్నాను.

"నువ్వు ఒక్క మాట అడగలేదు కదన్నయ్యా" అన్నాడు. కాసేపాగి, "అడిగినా చెప్పుండేవాణ్ణి కాదేమోలే" అని కూడా అన్నాడు. ఆ రెండో మాట వల్లే మొదటి మాట నాకు గుచ్చుకోకుండా దిగింది.

తర్వాత వాడో మాట అన్నాడు. "నువ్వు పడవలో ఉంటున్నావని అక్క చెప్పినప్పుడు, ఇల్లు అమ్మించింది నేనే కాబట్టి నా మీద కోపంతో ఇల్లే వద్దనుకున్నావేమో అనిపించింది. అందుకే హోటల్లో గది తీసుకున్నాను. ఇందులో పడుకోవడానికి మొహం చెల్లలేదు."

అప్పుడు నేను చెప్పాల్సింది చెప్పాను. ఆ ఇంట్లో నా వాటాగా వచ్చిన డబ్బు బ్యాంకులో చూడటానికి నాకు మనసొప్పేది కాదు. ఖర్చుపెట్టడానికీ చెయ్యి రాలేదు. చివరికి పాత పడవ ఒకటి అమ్మకానికి ఉందంటే, ఆ డబ్బుకు నా దాచుకున్న డబ్బు కలిపి కొన్నాను. కాలువ గట్టున ఇల్లు పోయింది కాబట్టి కాలువలోనే కొన్నాను, అంతే. ఈ సంగతి మా ఆవిడకు తప్ప ఎవరికీ తెలియదు.

ఆ రాత్రి తమ్ముడు హోటల్ గది ఖాళీ చేసి వచ్చాడు. తొమ్మిదిమందీ ఎలా పట్టామో చెప్పలేను. బల్ల దించి మంచం చేశాం. మరదలు, అక్క, మా ఆవిడ ఒక చోట. పిల్లలు నేల మీద. మేమిద్దరం పొయ్యి పక్కన, చిన్నప్పుడు అరుగు మీద పడుకున్నట్టు అటూ ఇటూ తలలు పెట్టి. కిటికీ కాస్త తెరిచి, పొగ అలారం రెండుసార్లు పరీక్షించాను. పడవలో అది మరిచిపోకూడదు. అమ్మకు డబ్బు సంగతి తమ్ముడే చెప్పాడు. ఆవిడ గోడని చేత్తో తడిమి చూసింది. "అయితే ఇది మనిల్లేగా. ముందే చెప్పి చావచ్చుగా" అంది. అర్ధరాత్రి మెలకువ వచ్చి చూస్తే లేచి కూర్చుని ఉంది. "ఏమ్మా, చలేస్తోందా?" అంటే, "లేదురా, లెక్కపెట్టుకుంటున్నాను" అంది.

అన్నీ సర్దుకుపోయాయని చెప్పను. ఆ ఇల్లు తిరిగి రాదు. నిన్న అటు వెళ్లి చూశాను, అక్కడ రెండంతస్తుల మేడ ఉంది, అరుగు లేదు. నేను గ్రూపులో రాసిన వాక్యం మరదలు మరిచిపోయి ఉండదు, మరిచిపోవాలని అడగడానికి నాకు హక్కూ లేదు. తమ్ముడూ నేనూ ఇప్పటికీ కొన్ని విషయాలు దాటేసి మాట్లాడుకుంటాం. కానీ ఆదివారం ఆదివారం మాట్లాడుకుంటాం. ఈసారి ఎవరికి ఉద్యోగం పోయినా మొదటి రోజే తెలుస్తుంది.

ఇంజనీరుగా నేను ఒక్కటే చెప్పగలను. మూడేళ్లపాటు నేను ఆ తలుపుని తోస్తూనే ఉన్నాను. వాడిదే తప్పని, వాడే ముందు మాట్లాడాలని, అక్కచేత చెప్పించి, బావచేత చెప్పించి. తలుపుకి అవతల నీళ్లు ఎంత లోతున ఉన్నాయో ఒక్కసారి వంగి చూడలేదు. వాడు ఎంత కిందికి దిగిపోయి ఉన్నాడో నాకు తెలియదు. వాడికి నేనెంత ఎత్తున కూర్చున్నట్టు కనపడ్డానో కూడా తెలియదు. "ఎందుకురా?" అని ఒక్క చిన్న షట్టరు లేపి ఉంటే సరిపోయేది. తొమ్మిదో తరగతిలో నాన్న ఇక్కడికి కూతవేటు దూరంలో నిలబడి ఆ సంగతే చెప్పారు. మనం పరీక్షకు చదువుకున్నాం.

ఈ యాభై ఏళ్లలో మన స్కూలు నుంచి వెళ్లినవాళ్లు ఎక్కడెక్కడో ఉన్నారు. ఈ ఉత్సవం కోసం అందరి ఫోన్ నంబర్లూ పోగుచేశామని కార్యదర్శి గారు చెప్పారు. పిలిచినా రానివాళ్లు కొందరున్నారనీ చెప్పారు. మా బ్యాచ్‌లోనే ఇద్దరున్నారు. వాళ్లు ఎందుకు మాట్లాడుకోవడం లేదో మాకందరికీ తెలుసు, కాదు, తెలుసనుకుంటున్నాం. సాయంత్రం భోజనాలయ్యాక వాళ్లలో ఒకరికి నేను ఫోన్ చేయబోతున్నాను. న్యాయం చెప్పడానికి కాదు. ఎలా ఉన్నావని అడగడానికి. మీకూ అలాంటి నంబరు ఒకటి ఉండే ఉంటుంది.

నా పావుగంట దాటిపోయినట్టుంది. ఇంకొక్క మాట చెప్పి దిగిపోతాను. ఈ ఏడాది మా అమ్మకు ఎనభై దాటాయి. ఈ సభకు రావాలనుకుంది కానీ ప్రయాణం చేయలేకపోయింది. గురువులందరికీ నమస్కారాలు చెప్పమంది. అరుగు మీద మజ్జిగ తాగిన పిల్లలందరినీ అడిగానని చెప్పమంది. ఎవరైనా అటు వస్తే పడవలో కూడా మజ్జిగ ఉంటుందని చెప్పమంది. నీళ్లు మాత్రం లెక్కగా వాడాలి.